హైదరాబాద్ బస్తీల్లో మీడియన్ ఆదాయం 22 వేల నుంచి 24 వేలు అయింది: పెరిగిందని రాయొచ్చా?

బోరబండ_సర్వే

అందరికీ నమస్కారం. నేను నగరంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను. బోరబండ, మూసాపేట, ఉప్పల్, చాంద్రాయణగుట్ట, జవహర్‌నగర్ వైపు 20 బస్తీల్లో, ఒక్కో బస్తీలో 20 ఇళ్ల చొప్పున మొత్తం 400 ఇళ్లలో నెల ఆదాయం ఎంతో అడిగి రాసుకుంటాం. 2022-23లో ఒక విడత, 2024-25లో ఒక విడత చేశాం. రెండో విడతకు బస్తీలూ ఇళ్లూ మళ్లీ కొత్తగా లాటరీ తీశాం.

అసలు అంకెలు బయట పెట్టకూడదు కాబట్టి వాటిని కాస్త మార్చి ఇస్తున్నాను. మొదటి విడతలో మీడియన్ (ఆదాయం వరుసలో సరిగ్గా మధ్యనున్న ఇంటి ఆదాయం) 22,000. రెండో విడతలో 24,000. "రెండేళ్లలో కుటుంబ ఆదాయం 9 శాతం పెరిగింది" అని రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేద్దామంటున్నారు మావాళ్లు. నాకు మనసొప్పడం లేదు. 400 ఇళ్లను చూసి అంత మాట అనొచ్చా? అనకూడదంటే, లెక్కలు తెలియని వాళ్లకు ఎందుకో ఎలా చెప్పాలి?

మల్కాజిగిరి వాసి

ముందు ఆ 24 వేలే నాకు నమ్మబుద్ధి కావడం లేదండీ. తెలంగాణ తలసరి ఆదాయం 2024-25లో 3,79,751 రూపాయలు. నలుగురున్న ఇంటికి ఏడాదికి 15 లక్షలు దాటుతుంది, నెలకు లక్షా పాతిక వేల పైమాటే. మీ సర్వేలో అందులో అయిదో వంతు కూడా కనిపించడం లేదు. అసలు తేడా అక్కడుంటే 9 శాతం గురించి చర్చ ఎందుకు?

లెక్కల మాస్టారు

మల్కాజిగిరి గారూ, ఆ రెండూ ఒకే వస్తువు కొలతలు కావు. తలసరి ఆదాయం అంటే రాష్ట్రంలో ఏడాదిలో జరిగిన ఉత్పత్తి నికర విలువను జనాభాతో భాగించిన అంకె. కంపెనీల దగ్గరే మిగిలిపోయే లాభాలూ అందులో ఉంటాయి. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్‌లో పుట్టిన విలువ మన రాష్ట్రం ఖాతాలో పడుతుంది. ఆ లాభం బోరబండ ఇంటికి వెళ్లిందా, ముంబైలోని వాటాదారుకు వెళ్లిందా అన్నది ఆ అంకె చెప్పదు. పైగా అది సగటు. పైన ఉన్న కొద్దిమంది ఆదాయం రెట్టింపైతే సగటు ఎగబాకుతుంది, మీడియన్ ఉన్నచోటే ఉంటుంది. మీడియన్ అంటే ఇళ్లన్నిటినీ ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే ఇంటి ఆదాయం.

సరిపోల్చాలంటే ఇంకో కొలత ఉంది. కేంద్ర గణాంక శాఖ 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో తెలంగాణ పట్టణాల్లో తలసరి నెల ఖర్చు సగటున 8,158 రూపాయలు. నలుగురికి 32,600. అది సగటు, అందులో కోకాపేట ఇళ్లూ కలిశాయి. బస్తీల మీడియన్ 24 వేలు ఉందంటే నాకేమీ విడ్డూరంగా లేదు.

బోరబండ అమ్మా, లెక్క వేసే ముందు ఒకటి కావాలి. వరుసలో కింది నుంచి పావు వంతు దగ్గర, ముప్పావు వంతు దగ్గర ఉన్న ఇళ్ల ఆదాయాలు ఎంతెంత?

బోరబండ_సర్వే

మొదటి విడతలో 14,000, 36,000. రెండో విడతలో 15,000, 39,000. సర్, ఇవి కూడా మార్చినవే.

లెక్కల మాస్టారు

చాలు. నిదానంగా చూడండి, కాలిక్యులేటర్ ఉంటే మీరే వేసుకోవచ్చు.

14 వేలు, 36 వేల సహజ లాగరిథమ్‌ల తేడాను 1.349తో భాగిస్తే 0.7 వస్తుంది. ఇది ఆదాయాలు ఎంత విస్తరించి ఉన్నాయో చెప్పే అంకె. రెండో విడతకూ దాదాపు అంతే వస్తుంది. ఆదాయాలు లాగ్‌నార్మల్ ఆకారానికి (లాగరిథమ్ తీస్తే గంట ఆకారంలో పరుచుకునే తీరుకు) దగ్గరగా ఉంటాయనుకుంటే, మీడియన్ స్టాండర్డ్ ఎర్రర్‌కు (శాంపిల్ మారితే అంకె మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలతకు) సూత్రం ఇది: 1.2533ను 0.7తో గుణించి, ఇళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించడం. 400కు వర్గమూలం 20. వచ్చేది 4.4 శాతం.

అయితే ఇది నగరమంతా కలిపి 400 ఇళ్లను విడివిడిగా లాటరీ తీస్తే వచ్చే లెక్క. మీరు బస్తీలను ఎంచుకుని, ఒక్కో బస్తీలో 20 ఇళ్లు తిరిగారు. ఒకే బస్తీలోని ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. మేస్త్రీలున్న గల్లీలో పక్కింట్లోనూ మేస్త్రీయే ఉంటాడు, ఇరవయ్యో ఇంటికి వెళ్లేసరికి కొత్తగా తెలిసేది తక్కువ. ఆ పోలిక గుణకం (0 అంటే పోలికే లేదు, 1 అంటే అన్నీ ఒకేలా) 0.05 అనుకున్నా, 1 + 19 × 0.05 అంటే 1.95. దీన్నే డిజైన్ ఎఫెక్ట్ అంటారు. మీరు తిరిగింది 400 ఇళ్లు, చేతికొచ్చిన సమాచారం 200 ఇళ్లంత. దాంతో ఎర్రర్ 4.4 నుంచి 6.2 శాతానికి పెరుగుతుంది.

22,000లో 6.2 శాతం 1,364. 24,000లో 1,488. రెండు విడతలూ వేర్వేరు శాంపిళ్లు కాబట్టి తేడాకు ఎర్రర్ కావాలంటే వర్గాలు కూడి వర్గమూలం తీయాలి: సుమారు 2,020. 95 శాతం అవధికి (ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే సుమారు 95 సార్లు అసలు అంకె లోపల పడే హద్దులకు) 1.96తో గుణిస్తే నాలుగు వేలకు కాస్త తక్కువ.

అంటే మీకు కనిపించిన పెరుగుదల 2,000, దానికి అటూ ఇటూ 4,000. నిజంగా 6,000 పెరిగి ఉండొచ్చు, 2,000 తగ్గి కూడా ఉండొచ్చు. ఈ శాంపిల్ రెండింటినీ కాదనలేదు. ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి: "పెరగలేదు" అని రాస్తే అదీ తప్పే. పెరిగిందో లేదో ఈ సర్వేతో తేలలేదు, అంతవరకే.

సూత్రాలు నమ్మని వాళ్లకు ఇంకో దారి ఉంది. ఆదాయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. విడివిడి లాటరీ అయితే 180వ ఇంటి ఆదాయం నుంచి 221వ ఇంటి ఆదాయం దాకా 95 శాతం అవధి. మీ బస్తీ పద్ధతికి ఇంకాస్త వెడల్పుగా, 172 నుంచి 229 దాకా తీసుకోండి. ఆ రెండు వరుసలూ చూపిస్తే మీ సంస్థలో ఎవరికైనా అర్థమవుతుంది.

మాదాపూర్_డేటా

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. సూత్రం వద్దనుకుంటే బూట్‌స్ట్రాప్ కూడా చేయొచ్చు, అంటే చేతిలో ఉన్న శాంపిల్లోంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసి చూడడం. కానీ ఇళ్లను కాదు, బస్తీలను తిరగేయాలి. 20 బస్తీల చీటీల్లోంచి ఒకటి తీసి, మళ్లీ లోపల వేసి, అలా 20 సార్లు తీసి, ఆ బస్తీల ఇళ్లన్నీ కలిపి మీడియన్ చూడాలి. దాన్ని వెయ్యిసార్లు కంప్యూటర్ చేత చేయించాలి. జాక్‌నైఫ్ జోలికి మాత్రం పోకండి. ఒక్కో ఇంటినీ తీసేసి చూసే ఆ పద్ధతి సగటుకు బాగా పనిచేస్తుంది, మీడియన్‌కు పనికిరాదు.

ఇంకో ప్రమాదం ఉంది. జనం గుండ్రని అంకెలు చెబుతారు. 20 వేలు, 25 వేలు, 30 వేలు. మీ డేటాలో 25,000 దగ్గర పెద్ద కుప్ప ఉంటే, వెయ్యి బూట్‌స్ట్రాప్‌లలో ఎక్కువ భాగం మీడియన్ అచ్చంగా 25,000 అనే వస్తుంది. ఎర్రర్ దాదాపు సున్నా అని కంప్యూటర్ చూపిస్తుంది. అది కచ్చితత్వం కాదు, కుప్ప. తర్వాతి విడతలో ఇంకో పది ఇళ్లు అటు జరిగితే మీడియన్ ఒక్కసారిగా తర్వాతి కుప్ప మీదికి దూకుతుంది. 22,500 నుంచి 27,500 వరకు ఒక గడి అనుకుని, గుండ్రని అంకె మధ్యలో పడేలా గడులు గీసి, మధ్య ఇల్లు ఆ గడిలో ఎంత దూరంలో ఉందో లెక్కగట్టడం మేలు. అమెరికా సెన్సస్ బ్యూరో కూడా ఆదాయాలను 2,500 డాలర్ల గడులుగా పెట్టి, గడి లోపల మీడియన్‌ను అంచనా కడుతుంది.

చంపాపేట టీచర్

కుప్పల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మేం ప్రభుత్వ టీచర్లం, ఇంటింటి సర్వే డ్యూటీలు మాకు కొత్త కాదు. వార్షికాదాయం అని అడగగానే చాలా ఇళ్లలో "రెండు లక్షల లోపే రాసుకోండి మేడమ్" అంటారు. పట్టణాల్లో ఆహార భద్రత కార్డుకు పరిమితి ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర. కార్డు పోతుందేమోనన్న భయం వాళ్లది. వాళ్ల భయంలో న్యాయం ఉంది, ఆ కార్డు మీద బియ్యం వస్తాయి, పిల్లల ఫీజులు ఆదాయ సర్టిఫికెట్‌తో ముడిపడి ఉంటాయి.

అందుకని మొత్తం ఎంత అని అడగకూడదు. ఒక ఇంట్లో ఇలా కూర్చుని రాశాను. భర్తది కిరాయి ఆటో. రోజంతా నడిపితే చేతికొచ్చేది ఒకటి, ఆటో కిరాయీ గ్యాసూ పోను మిగిలేది ఇంకొకటి. మొదట ఆయన చెప్పింది పై అంకె. భార్య బ్లౌజులు కుడుతుంది, అది ఆదాయమని ఆమే అనుకోలేదు, "ఖాళీగా ఉంటాను" అంది. మూలన మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ కనిపించి అడిగాను. అత్తగారికి నెలకు 2,016 పెన్షన్. కొడుకు డెలివరీ బండి మీద తిరుగుతాడు, అతని డబ్బు అతని ఖాతాలోనే పడుతుంది కాబట్టి తల్లిదండ్రులకు లెక్క తెలియదు. ఆ నెల పాడుకున్న చిట్టీ డబ్బును ఆదాయంలో చెప్పారు, అది తీసేశాను. విడివిడిగా అడిగితే మొదట చెప్పిన అంకెకూ చివరికి తేలిన అంకెకూ పొంతన లేదు.

బోరబండ గారూ, మీ రెండు విడతల్లోనూ ప్రశ్నలు ఒకే తీరుగా ఉన్నాయా? నాకైతే అసలు అనుమానం అక్కడే.

బోరబండ_సర్వే

మేడమ్, మంచి ప్రశ్న. మొదటి విడతలో "ఇంటి మొత్తం నెల ఆదాయం" అని ఒకే ప్రశ్న. రెండో విడతలో సంపాదించే ప్రతి ఒక్కరి పేరుతో ఒక వరుస పెట్టాం, పెన్షన్‌కూ ఇంటద్దెకూ వేరే వరుసలు.

మాదాపూర్_డేటా

అయితే ఆ 2,000లో ఎంత ఆదాయానిది, ఎంత ప్రశ్నపత్రానిది అన్నది విడదీయలేరు.

సరిగ్గా ఇదే అమెరికాలో జరిగింది. అక్కడ ముందు ఏడాది కుటుంబ ఆదాయం మీద ఏటా సర్వే జరుగుతుంది. 2014లో ఆదాయం ప్రశ్నలు మార్చాలనుకున్నారు. ఒక్కసారిగా మార్చేస్తే పాత సంవత్సరాలతో పోల్చడం కుదరదని, అదే ఏడాది శాంపిల్‌ను రెండు ముక్కలు చేశారు. సుమారు 68 వేల చిరునామాలకు పాత ప్రశ్నలు, 30 వేల చిరునామాలకు కొత్తవి. 2013 ఆదాయానికి పాత ప్రశ్నలతో మీడియన్ 51,939 డాలర్లు, కొత్త ప్రశ్నలతో 53,585. ఎవరి జీతమూ పెరగలేదు, అడిగే తీరు మారినందుకే 3.2 శాతం తేడా. అంత పెద్ద దేశంలో చాలా ఏళ్ల నిజమైన పెరుగుదల అంతకన్నా తక్కువే ఉంటుంది.

ఇంకొకటి. 2024కు వాళ్లు ప్రకటించిన మీడియన్ 83,730 డాలర్లు, ధరలు సరిచేసిన 2023 అంకె 82,690. వెయ్యి డాలర్లకు పైగా ఎక్కువ. అయినా "గణాంకపరంగా తేడా లేదు" అనే రాశారు. అంత పెద్ద శాంపిల్ పెట్టుకుని వాళ్లే ఆ మాట అంటుంటే, 400 ఇళ్లు తిరిగి 9 శాతం అని శీర్షిక పెట్టడం సరికాదు.

మల్కాజిగిరి వాసి

తలసరి సంగతి మాస్టారు చెప్పాక తేటపడింది. కానీ నాకు ఇంకో సందేహం. రెండేళ్లలో ధరలు పెరగలేదా? బియ్యం, అద్దె, స్కూలు ఫీజు అన్నీ పెరిగాయి కదా. 24 వేలు పెరిగినట్టు ఎలా అవుతుంది?

లెక్కల మాస్టారు

అసలు ముందు అడగాల్సిన ప్రశ్న అది. దేశం మొత్తానికి చిల్లర ధరల పెరుగుదల 2023-24లో 5.4 శాతం, 2024-25లో 4.6 శాతం. రెండూ కలిపితే 10 శాతం పైన. అప్పటి 22,000 ఇప్పటి ధరల్లో 24,250. కాబట్టి ధరలు సరిచేస్తే మీ పెరుగుదల 2,000 కాదు, 250 తగ్గుదల, దానికి అటూ ఇటూ నాలుగు వేలు. ఇది దేశ సగటు ధరల లెక్క. బస్తీలో అద్దెకుండే ఇంటికి ధరల భారం ఇంకోలా ఉంటుంది.

రిటైర్డ్ ఇన్వెస్టిగేటర్

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను. ఈ చర్చ చూశాక ఆగలేకపోయాను. ఫీల్డులో శాంపిల్ సర్వేలు చేసి రిటైరయ్యాను.

మన దేశంలో దశాబ్దాల పాటు దేశమంతటి ఇళ్లనూ ఖర్చే అడిగాం గానీ ఆదాయం అడగలేదు. ఎందుకో కొత్త తరానికి తెలియాలి. జాతీయ నమూనా సర్వే 1950ల్లో, 60ల్లో ప్రయోగంగా ఆదాయం అడిగింది. వచ్చిన ఆదాయం, అవే ఇళ్ల ఖర్చూ పొదుపూ కలిపిన దానికన్నా తక్కువ తేలింది. ఆ దారి వదిలేశారు. 2025లో మళ్లీ జాతీయ కుటుంబ ఆదాయ సర్వే ప్రకటించారు, 2026 ఫిబ్రవరి నుంచి అన్నారు. దానికి ముందు ఆగస్టులో ప్రశ్నపత్రాన్ని పరీక్షిస్తే 95 శాతం మంది ఇది సున్నితమైన సమాచారం అన్నారు. ఖర్చుల సర్వే కూడా నిరాటంకంగా సాగలేదు. 2011-12 తర్వాత 2017-18లో చేసినదాన్ని నాణ్యత బాగాలేదని విడుదల చేయలేదు, మళ్లీ 2022-23లోనే. మధ్యలో పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో హైదరాబాద్ ఎంత మారిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

శాంపిల్ ఎర్రర్‌కు సూత్రం ఉంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మూసిన తలుపు. నార్సింగి, నల్లగండ్ల వైపు గేటు దగ్గరే సెక్యూరిటీ ఆపేస్తాడు. అసోసియేషన్ అనుమతి కావాలంటారు, అది రాదు. 2022-23 సర్వేలో పట్టణ ఇళ్లను కారు ఉన్నదా, అది 10 లక్షల పైనా కిందా అని విడగొట్టి శాంపిల్ తీశారు. పై ఇళ్లు జారిపోకూడదనే ఆ ఏర్పాటు. జాబితాలోకి ఎక్కించడం ఒక ఎత్తు, తలుపు తీయించడం ఇంకో ఎత్తు. బస్తీల్లోనూ ఈ బెడద ఉంది. మనం పగలు వెళితే ఇద్దరూ పనికెళ్లే ఇల్లు తాళం వేసి ఉంటుంది. ఆ ఇంటి బదులు పక్కిల్లు రాసుకుంటే, ఒక్కరే సంపాదించే ఇళ్లే పోగవుతాయి.

బోరబండ_సర్వే

సర్, మేమూ తాళం ఉంటే పక్కింటికే వెళతాం. దానివల్ల ఎంత తేడా వస్తుందో లెక్క ఉంటుందా?

లెక్కల మాస్టారు

ఉంటుంది, చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మీడియన్‌కు పైనున్న ఇళ్లలోంచి, మొత్తం ఇళ్లలో 10 శాతం జారిపోయాయనుకుందాం. అప్పుడు మీకు కనిపించే మధ్య ఇల్లు నిజానికి 45వ శాతం దగ్గరి ఇల్లు. మీ విస్తరణ 0.7తో లెక్కవేస్తే మీడియన్ 8 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. 5 శాతమే జారితే 4 శాతం తక్కువ. మొదటి విడతలో 5 శాతం, రెండో విడతలో 10 శాతం జారిపోయాయంటే, ఎవరి ఆదాయమూ మారకుండానే 4 శాతం "తగ్గుదల" పుడుతుంది. శాంపిల్ 400 నుంచి 40,000కు పెంచినా ఇది పోదు. శాంపిల్ పెరిగితే అవధి సన్నబడుతుంది, తప్పు అంకె చుట్టూనే సన్నబడుతుంది.

కరోనా సమయంలో అమెరికాలోనూ ఇదే జరిగింది, కాకపోతే ఎదురు దిశలో. 2020 మార్చిలో సర్వేకు జవాబిచ్చిన వాళ్లలో ఆదాయం ఎక్కువున్న ఇళ్లు మామూలుకన్నా ఎక్కువ. అక్కడి పరిశోధకులే 2019 మీడియన్ దాదాపు 2.8 శాతం ఎక్కువ పడిందని తేల్చారు.

చంపాపేట టీచర్

ఇంటి లెక్క కూడా చూసుకోండి. మా వీధిలో అన్నదమ్ములు వేరు పడ్డారు. నిన్నటిదాకా ఒక పొయ్యి, 40 వేలు. ఇవాళ రెండు పొయ్యిలు, చెరో 20 వేలు. ఎవరికీ రూపాయి తగ్గలేదు, మీడియన్ మాత్రం కిందికి లాగుతుంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లలు ఒక్కొక్కరూ ఒక ఇల్లా, అందరూ కలిసి ఒక ఇల్లా అన్నది కూడా ముందే రాసిపెట్టుకోవాలి.

మాదాపూర్_డేటా

అందుకే ఇంటి ఆదాయాన్ని మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగించి, ఆ అంకెకు కూడా మీడియన్ తీయడం ఒక పద్ధతి. రెండూ పక్కపక్కన ఇవ్వండి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే ఇళ్లు చీలుతున్నాయని తెలుస్తుంది.

తర్వాతి విడతకు నా సలహా: కొన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లండి. అవే ఇళ్లను రెండుసార్లు అడిగితే, రెండు కొలతల మధ్య సంబంధం (1 అంటే రెండూ పూర్తిగా కలిసి నడుస్తాయి) 0.6 ఉన్నా తేడా ఎర్రర్ 2,020 నుంచి 1,280 దగ్గరికి పడిపోతుంది. ఖర్చు పెరగదు. అద్దె ఇళ్లవాళ్లు ఖాళీ చేసి పోతారు కాబట్టి మొత్తం అవే ఇళ్లు పెట్టకండి, సగం పాతవి, సగం కొత్తవి. ఒక్కో బస్తీలో 20 బదులు 10 ఇళ్లు, 20 బస్తీల బదులు 40. అదే 400 ఇళ్లకు డిజైన్ ఎఫెక్ట్ 1.45కు దిగుతుంది. రెండు విడతలూ ఒకే నెలల్లో చేయండి, పెళ్లిళ్ల సీజన్‌లో బ్యాండువాళ్ల బస్తీకి వెళితే ఆదాయం వేరు, ఆషాఢంలో వేరు.

రిటైర్డ్ ఇన్వెస్టిగేటర్

తాళం ఉన్న ఇంటికి సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం మళ్లీ వెళ్లాలి. పక్కిల్లు వద్దు. ఎన్ని ఇళ్లు చివరికీ దొరకలేదో ఆ సంఖ్య రిపోర్టులో రాయాలి. శాంపిల్‌ను మొదటే రెండు సగాలు చేసి, వేర్వేరు ఇన్వెస్టిగేటర్లకు ఇవ్వండి. మన దేశంలో శాంపిల్ సర్వేలకు పునాది వేసిన మహలనోబిస్ గారు నేర్పిన పద్ధతి అది. రెండు సగాల మీడియన్లు దూరంగా వస్తే తప్పు ఫీల్డులో ఉందని అప్పటికప్పుడే తెలుస్తుంది.

బోరబండ_సర్వే

అందరికీ చాలా థాంక్స్. ఇదంతా ప్రింటు తీసి మా మీటింగులో పెట్టాను. 172వ ఇల్లు, 229వ ఇల్లు చూపించగానే గదిలో వాదన ఆగింది. మొదటి పేజీ మాట మారింది. ఇలా రాస్తున్నాం, సరిచూడండి:

"2024-25లో మా 20 బస్తీల మీడియన్ కుటుంబ ఆదాయం నెలకు 24,000 రూపాయలు, 95 శాతం అవధి సుమారు 21,100 నుంచి 26,900. ధరల పెరుగుదల సరిచేశాక 2022-23తో పోలిస్తే పెరిగిందని గానీ తగ్గిందని గానీ ఈ సర్వే చెప్పలేదు. రెండు విడతల మధ్య ఆదాయం అడిగిన పద్ధతి మారింది."

లెక్కల మాస్టారు

బాగుంది. రెండు మార్పులు. "మా 20 బస్తీల" అనకండి, ఆ 20 ఏ జాబితాలోంచి లాటరీ తీశారో ఆ బస్తీలన్నిటికీ ఈ అంకె వర్తిస్తుంది, జాబితా పేరు రాయండి. "అవధి శాంపిల్ ఎర్రర్‌కు మాత్రమే, దొరకని ఇళ్ల ప్రభావం ఇందులో లేదు" అని దాని పక్కనే చేర్చండి. ఫుట్‌నోట్‌లోకి తోసేయకండి.

బోరబండ_సర్వే

చేరుస్తాను సర్. దొరకని ఇళ్ల సంఖ్య రెండో విడతకు రిజిస్టర్‌లో ఉంది. మొదటి విడతది ఫీల్డు టీమ్ పాత నోటుపుస్తకాల్లో వెతుకుతున్నాం, దొరికితే ఇక్కడే పెడతాను.